నడక తడబడితే తప్పు కాలిదేనా?



పదో తరగతి జీవశాస్త్రంలో మీ పిల్లలు నాడుల గురించి ఒక పాఠం, అనువంశికత గురించి మరో పాఠం చదువుతారు. పరీక్షలో ఇవి వేర్వేరు ప్రశ్నలు. శరీరంలో మాత్రం రెండూ ఒకటే కథ. ఆ కథను ఒక చిట్టెలుక ద్వారా చెప్పుకుందాం.

ముందుగా నాడుల సంగతి. చాలక నాడీకణాలు, అంటే మోటార్ న్యూరాన్లు, వెన్నుపాము నుంచి కండరానికి ఆజ్ఞ తీసుకెళ్తాయి. జ్ఞాన నాడీకణాలు, అంటే సెన్సరీ న్యూరాన్లు, కండరం ఎంత సాగింది, కాలు ఎక్కడుంది అనే కబురు వెనక్కి తెస్తాయి. కరెంటు పోయినప్పుడు కూడా మనం మెట్లు దిగగలుగుతున్నామంటే ఆ కబురు చలవే.

ఈ కణాలు చాలా పొడవైనవి. నడుము దగ్గర మొదలై పాదం దాకా వెళ్లే నాడీతంతువు పెద్దవాళ్లలో దాదాపు ఒక మీటరు ఉంటుంది. అంత దూరం సరుకు చేరవేయడానికి కణంలోనే రవాణా ఏర్పాటు ఉంది. తంతువు చివరి నుంచి సరుకును కణకేంద్రం వైపు మోసుకొచ్చే ప్రోటీన్ పేరు డైనీన్.

ఇప్పుడు జన్యువు సంగతి. డైనీన్‌లోని ముఖ్యభాగం సుమారు 4,600 అమైనో ఆమ్లాల గొలుసు. 'లోవా' అనే రకం చిట్టెలుకల్లో 580వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఫినైల్ అలనిన్ ఉండాల్సిన చోట టైరోసిన్ వచ్చింది. మారిన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒకటి వస్తే చాలు, నడక తేడాగా ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే ఆ పిల్ల పుట్టిన ఒకరోజులోపే చనిపోతుంది. మామూలు చిట్టెలుకను తోక పట్టి ఎత్తితే వెనక కాళ్లు చాపుతుంది. లోవా చిట్టెలుక లోపలికి ముడుచుకుంటుంది.

2003లో 'సైన్స్' పత్రికలో ఈ మార్పు వివరాలు వచ్చాయి. సరుకును వెనక్కి తెచ్చే పని దెబ్బతిందనీ, చాలక నాడీకణాలు క్షీణిస్తున్నాయనీ శాస్త్రవేత్తలు రాశారు. కాళ్లు సరిగా ఆడడం లేదు కాబట్టి ఆజ్ఞ తీసుకెళ్లే నాడులదే లోపమని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 2007లో మరో బృందం ఇదే జన్యువులో మార్పులున్న చిట్టెలుకలను మళ్లీ పరిశీలించింది. కండరాల కబురు తెచ్చే జ్ఞాన నాడీకణాలు బాగా తగ్గిపోయి కనిపించాయి. అంటే ఆ చిట్టెలుకకు తన కాలు ఎక్కడుందో సరిగా తెలియడం లేదు!

2011లో ఇదే జన్యువులో మరోచోట వచ్చిన మార్పును ఒక కుటుంబంలో కనుగొన్నారు. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో నడక ఇబ్బంది ఉంది. అది నాడులను దెబ్బతీసే 'షార్కో-మరీ-టూత్' వ్యాధిలో ఒక రకం.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నామంటే, తరచూ పడిపోయే పిల్లవాడిని మనం "చూసుకుని నడవలేవా?" అని కోప్పడతాం. చాలామంది పిల్లల్లో అది ఎదిగే వయసు తడబాటే, కంగారు అక్కర్లేదు. అయితే నడక బాగా ఆలస్యంగా రావడం, పాదం ఈడ్చడం, మెట్లెక్కలేకపోవడం, అరికాలి వంపు మరీ ఎత్తుగా ఉండడం, నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేకపోవడం గమనిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే అదీ చెప్పండి. మా క్లాస్ టీచరుకు కూడా ఒక మాట చెప్పండి, ఆటల పీరియడ్‌లో జాగ్రత్త తీసుకుంటాం.

ఇంట్లో చేసి చూడండి: మీ అమ్మాయినో అబ్బాయినో కళ్లు మూసుకుని చూపుడువేలితో ముక్కు కొనను తాకమనండి. చూడకుండానే వేలు ముక్కు దగ్గరికి ఎలా వచ్చిందో అడగండి. ఇది వైద్య పరీక్ష కాదు, సరదాగా చేసే పనే. ఏ నాడి కబురు తెచ్చింది, ఏ నాడి ఆజ్ఞ మోసింది అన్నది వాళ్లనే మీకు పాఠంగా చెప్పమనండి.