ఆహారమును మనస్స్వాస్థ్యమును

ఆహారమును బట్టి మనస్సుండునను మాట మనకు క్రొత్తది కాదు. సాత్త్విక రాజస తామసములని పెద్దలు భోజ్యములను విభజించియే యున్నారు. కాని కాలక్రమమున మనవారి విచారణ యంతయు అన్నమును ఎవరు వండిరి, ఎవరు ముట్టిరి యను ప్రశ్నలయందే నిలిచిపోయినది. ఆ యన్నమున నేమి లోపించినదని యడిగినవారు అరుదు. మనస్సునకు నిజముగా హాని చేయునది స్పర్శమా, లోపమా? సాక్ష్యమును పరిశీలింతము.

పెల్లాగ్రా యను వ్యాధి గలదు. ఇందు ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పొరలు లేచును, విరేచనములు పట్టుకొనును, నిద్రలేమి, దిగులు, మతిమరపు కలిగి, చికిత్స లేనిచో తుదకు మతిభ్రంశమును మరణమును సంభవించును. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇట్టి రోగులనేకులు పిచ్చియాసుపత్రులలో నుండిరి. ఇది అంటువ్యాధియని పలువురు వైద్యులు నమ్మిరి. 1914లో విచారణకు నియుక్తుడైన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక విషయమును గుర్తించెను: రోగులకు వచ్చు వ్యాధి, వారి నడుమ మెలగు పరిచారకులకు రాదు. అంటువ్యాధియే యైనచో వారి నేల విడుచును? భేదము భోజనమున నుండెను. 1915లో మిసిసిపీ రాష్ట్రమున 11 మంది ఖైదీలు, విడుదల చేయుదుమను వాగ్దానముపై, మొక్కజొన్న ప్రధానమైన తిండిని నెలల తరబడి తినగా 6గురికి వ్యాధి పొడసూపెను. అట్టి పరీక్షను నేటి ధర్మము సమ్మతింపదు. కాని దాని సాక్ష్యము బలవత్తరము. పాలు, మాంసము, పప్పులు ఒసగినచోట వ్యాధి తొలగెను. దానిని నివారించునది నియాసిన్ అను విటమినని 1937లో తేలెను.

ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. జొన్న ప్రధానాహారముగా గల దక్కను పేదలలోను ఈ వ్యాధి కనబడెను. జొన్నయందలి లూసిన్ ఆధిక్యము కారణము కావచ్చునని 1960లో హైదరాబాదు పరిశోధకులు డాక్టరు సి. గోపాలనును ఆయన సహచరుడును ప్రతిపాదించిరి; దానిపై తరువాత వాదోపవాదములు జరిగెను. మేము జొన్నను నిందించుట లేదు. జొన్నతో కూడ పప్పును పాలును కొనలేని దారిద్ర్యమే నిందార్హము.

సంపన్న గృహములును నిశ్చింతగా నుండరాదు. బి12 విటమిను కాయగూరలనుండి లభింపదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములందు గలదు. ఇవి ఏండ్ల తరబడి చాలనివారికిని, జీర్ణశక్తి తగ్గిన వృద్ధులకును రక్తహీనత, పాదముల తిమ్మిరి, దిగులు, మతిమరపు కలుగవచ్చును. ముసలితనమని మన ముపేక్షించునది కొన్నిమార్లు రక్తపరీక్షవలన తెలిసి ఔషధముచే నయమగును. ఎంత మడితో వండినను ఈ లోపము మడివలన తీరదు.

అట్లని మనోరోగములన్నియు తిండివలననే కలుగునని మేము వాదింపము. 2017లో ప్రకటితమైన ఒక ఆస్ట్రేలియా పరీక్షలో దిగులు రోగులు 67 మంది 12 వారములు పాల్గొనిరి. కూరగాయలు, పప్పులు, ముడిధాన్యములు, చేపలు తినుట నేర్పబడినవారిలో ఇంచుమించు మూడవవంతు కోలుకొనిరి; స్నేహసంభాషణము మాత్రమే లభించినవారిలో నూటికి ఎనమండుగురు. పరీక్ష చిన్నది, మందులు మానుడని అది చెప్పలేదు.

కావున ఇంట నొకరి మనస్సు చెదరినప్పుడు గ్రహపీడయనియు పూర్వకర్మయనియు భూతవైద్యుని పిలువకుడు. వైద్యునికి చూపుడు, రోగి యేమి తినుచున్నదియు తెలుపుడు. అందరి తరువాత, మిగిలినదే తిను గృహిణి కంచమును మొదట చూడుడు. ఎవరు ముట్టిరని కాదు, అందేమి లేదని విచారించుటయే నిజమైన ఆహారశుద్ధి.