కాల్ సెంటర్ కొలువులో నిలవడం, ఎదగడం

మన బస్తీల్లో ఇంటర్, డిగ్రీ చదివిన యువతీయువకులకు త్వరగా దొరికే ఉద్యోగాల్లో కాల్ సెంటర్ ఒకటి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఇలాంటి కొలువులు పెరిగాయి. అయితే చేరినవారిలో కొందరు తొలి నెలల్లోనే మానేస్తున్నారు. అలా మానేస్తే దాతలిచ్చిన శిక్షణ రుసుము, పిల్లల శ్రమ, ఇంటివాళ్ల ఆశ మూడూ వృథా అవుతాయి. కాబట్టి నిలదొక్కుకోవడానికి ఏమేం కావాలో చూద్దాం.

1. ముందు వినాలి

ఫోన్ చేసినవారు కోపంగా ఉన్నారంటే ఆ కోపం బిల్లు మీద, ఆగిన సేవ మీద. మన మీద కాదు. వారు చెప్పేది పూర్తిగా విని, సమస్యను మన మాటల్లో ఒకసారి తిరిగి చెబితే సగం వేడి చల్లారుతుంది. హోల్డ్‌లో పెట్టేముందు అనుమతి అడగాలి, ఎంతసేపో చెప్పాలి, తిరిగి వచ్చాక ధన్యవాదాలు చెప్పాలి. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు. కనుక్కుని చెబుతానంటే గౌరవం తగ్గదు.

2. అంకెల అర్థం తెలియాలి

మాట్లాడిన సమయం, హోల్డ్ సమయం, కాల్ తరువాత వివరాలు నమోదు చేసే సమయం కలిపి సగటు తీస్తారు. నాలుగు నిమిషాల మాట, ఒక నిమిషం హోల్డ్, ఒక నిమిషం నమోదు అయితే మొత్తం ఆరు. తొందరపడి నాలుగు నిమిషాల్లో ముగిస్తే, సమస్య తీరక అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తే ఎనిమిది అవుతుంది. మాటలో తొందర పనికిరాదు. టైపింగ్ వేగం, స్క్రీన్‌లపై పట్టు పెంచుకుంటే సమయం దానంతటదే తగ్గుతుంది.

3. భాష మన పెట్టుబడి

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు విన్న మన పిల్లలకు ఇది పెద్ద బలం. ఉర్దూ వచ్చినవారికి హిందీ కాల్స్ కష్టం కావు. ఇంగ్లీషుకు విదేశీ యాస అరువు తెచ్చుకోనక్కరలేదు. స్పష్టంగా, నిదానంగా పలికితే చాలు. రోజూ పది నిమిషాలు గట్టిగా చదివి, రికార్డు చేసి వినడం మంచి సాధన.

4. వేళ తప్పకూడదు

న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అందుకే అమెరికా కాల్స్‌కు రాత్రి షిఫ్టు తప్పదు. పగటి నిద్రకు ఇంట్లో చీకటి, నిశ్శబ్దం కల్పించడం కుటుంబం చేయగల సాయం. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు విరామం కావాలంటే టీమ్ లీడర్‌ను ముందుగానే అడగాలి. చెప్పకుండా సీటు వదిలితే అది లెక్కలో లోటుగా పడుతుంది.

5. తరువాతి మెట్టు

క్వాలిటీ విభాగం ఇచ్చే మార్కులను తిట్టుగా తీసుకోక, తగ్గినచోట తన కాల్‌ను తానే మళ్లీ వినేవారు ముందుకు వెళతారు. కొత్తవారికి సందేహాలు తీర్చేవారు శిక్షకులవుతారు. ఎక్సెల్ నేర్చినవారికి రిపోర్టులు, షిఫ్టుల ప్రణాళిక పనులు అందుతాయి. క్వాలిటీ అనలిస్టు, ట్రైనర్, టీమ్ లీడర్ స్థానాలకు దారి ఇదే. అందుకే డిగ్రీ ఆపినవారు దూరవిద్యలోనైనా దాన్ని పూర్తి చేయడం మేలు.

దాతలకు ఒక మాట

శిక్షణ రుసుముతో సాయం ఆగిపోకూడదు. చేరిన రోజుకూ మొదటి జీతానికీ మధ్య సుమారు నెల ఉంటుంది. ఆ నెల బస్సు చార్జీలు, భోజనం, ఒక జత మంచి బట్టలు లేక వెనుదిరిగేవారున్నారు. ఈ రంగంలో పనిచేస్తున్న పెద్దలు వారానికి ఒక గంట పిల్లలతో ఫోన్‌లో ఉత్తుత్తి కాల్స్ చేయించినా చాలు. అదీ దానమే. రాత్రి షిఫ్టుకు వెళ్లే ఆడపిల్లల తల్లిదండ్రులతో కూర్చుని, రవాణా ఏర్పాట్లు ఎలా ఉన్నాయో సంస్థను అడిగి చెప్పే బాధ్యత మనమందరం పంచుకుందాం.