నూజివీడు వీణ – బహిరంగ పరిశోధన

నూజివీడు అనగానే అందరికీ రసాలు గుర్తుకొస్తాయి. కాని మన ఊళ్లో పనస కర్రతో వీణలు కూడా తయారవుతాయి. ఈ హాస్టల్లో చదువుకుని, మా ఇళ్లలో మొదటిసారిగా డిగ్రీ పట్టా అందుకున్న మేము, పి.జి. ప్రాజెక్టు కోసం ఆ వీణ నాదాన్ని కంప్యూటరుతో కొలిచాము. అప్పుడు నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

వీణలో లెక్క

వీణకు 7 తీగలు. నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. దండి మీద మైనంలో 24 మెట్లు అమరుస్తారు. ఆధార షడ్జమం 160 హెర్ట్జ్ అనుకుందాం. అంటే తీగ సెకనుకు 160 సార్లు కంపిస్తుంది. పంచమం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 240. పై షడ్జమం 320. అంతర గాంధారం 5/4 నిష్పత్తి ప్రకారం 200 అవుతుంది. హార్మోనియంలో లాగా స్థాయిని 12 సమాన భాగాలు చేస్తే 201.6 వస్తుంది. తేడా 1.6 మాత్రమే. వీణ చేసే పెద్దాయన ఈ అంకెలేవీ చూడరు. చెవితో విని మెట్టు జరుపుతారు.

ఈ నాదంపై పరిశోధన కొత్తది కాదు. తీగను ఒకచోట మీటితే, అక్కడ అస్పందన స్థానం ఉండే అనుస్వరాలు వినపడకూడదని పాత సూత్రం. వీణ, తంబురల్లో అవి కూడా వినిపిస్తాయని, తీగలు ఆనే బ్రిడ్జి పైభాగం వంపుగా ఉండడమే అందుకు కారణమని సర్ సి.వి. రామన్ 1921లో పత్రం ప్రచురించారు.

డబ్బులేని వాడికీ పనిముట్టు

శబ్దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్లు కొన్ని చాలా ఖరీదు. మేము ఆడాసిటీ వాడాము. ఇది 2000లో విడుదలైంది. ఉచితమే కాదు, ఓపెన్ సోర్స్ కూడా. అంటే దాని లోపలి ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. రికార్డు చేసిన శబ్దంలో కొంత భాగం ఎంచుకుని ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ నొక్కితే ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో గ్రాఫు వస్తుంది.

మేము చేసిన తప్పు

పెద్దాయన మీటగా మేము అంతర గాంధారం రికార్డు చేశాము. గ్రాఫులో 206 దగ్గర శిఖరం కనిపించింది. ‘ఈ వీణలో గాంధారం మెట్టు తప్పుగా ఉంది’ అని రిపోర్టులో రాసేశాము. అది అచ్చయితే ఆయన పేరు ఏమయ్యేది?

అదృష్టం కొద్దీ మేము అసలు రికార్డింగును, వాడిన సెట్టింగులను జూనియరు ఒకరికి ఇచ్చాము. అతడు మళ్లీ లెక్కవేశాడు. మేము సైజు 2048 పెట్టాము. సెకనుకు 44,100 నమూనాలను 2048తో భాగిస్తే గ్రాఫులో ఒక్కో గడి దాదాపు 21.5 హెర్ట్జ్ వెడల్పు. అంత పెద్ద గడులతో 1.6 తేడా ఎలా తేలుతుంది? మామిడికాయల కాటాతో బంగారం తూచినట్టు! అతడు సైజు 65,536 పెట్టాడు. గడి 0.7 కన్నా చిన్నదైంది. శిఖరం 201 దగ్గరకు వచ్చింది. మెట్టు సరిగానే ఉంది, తప్పు మాది. రిపోర్టులో ఆ వాక్యం కొట్టేశాము.

బహిరంగ పరిశోధన అంటే ఇదే. మన పని ఇంకొకరు సరిచూసే వీలుండాలి. అందుకు నాలుగు పనులు చేయాలి.

1. అసలు రికార్డింగు వేవ్ ఫైలుగా దాచాలి. ఎం.పి.3 చేస్తే కొంత సమాచారం పోతుంది.
2. శ్రుతి, నమూనాల సంఖ్య, గడి సైజు అన్నీ రాసిపెట్టాలి. 65,536 సైజుకు కనీసం ఒకటిన్నర సెకన్ల శబ్దం కావాలి.
3. ఫలితంతో పాటు లెక్క వేసిన పద్ధతీ ఇవ్వాలి.
4. వాయించినవారి, తయారుచేసినవారి అనుమతి తీసుకోవాలి, పేరు చెప్పాలి. బహిరంగం అంటే అడక్కుండా తీసుకోవడం కాదు.

ప్రపంచమంతటా పెద్ద పరిశోధకులు కూడా ఈ దారిలోనే నడుస్తున్నారు. 2011లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ప్రొఫెసర్ జేవియర్ సెర్రా ‘కాంప్‌మ్యూజిక్’ అనే ప్రాజెక్టు ప్రారంభించారు. అందులో కర్ణాటక సంగీతం ఒక ముఖ్యాంశం. మన దేశం నుంచి ఐ.ఐ.టి. మద్రాసు పాల్గొంది. ఆ బృందం ‘సరాగ’ పేరుతో కచేరీ రికార్డింగులను రాగ, తాళ వివరాలతో పరిశోధకులకు అందుబాటులో ఉంచింది. అక్కడివారే తయారుచేసిన ‘ఎస్సెన్షియా’ అనే సాఫ్ట్‌వేరు 2013 నుంచి ఓపెన్ సోర్స్. త్యాగరాజ కృతులు ఎక్కువ భాగం తెలుగులోనే ఉన్నాయి కదా! మన భాషలోని సంగీతాన్ని అంత దూరంలోని వారు కొలుస్తుంటే, వీణ తయారయ్యే ఊళ్లో ఉన్న మనం ఊరుకోవడం న్యాయమా?

తమ్ముళ్లూ, ల్యాబులో ఒక్క కంప్యూటరు, ఒక సెల్‌ఫోను ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. మీ లెక్క దాచుకోకండి, స్నేహితుడికి ఇచ్చి తప్పులు పట్టమనండి. తప్పు దొరికితే సిగ్గుపడవద్దు, దిద్దుకోండి.

సరిచూసిన ఫలితం చెబుదామని మేము మళ్లీ పెద్దాయన దగ్గరికి వెళ్లాము. ఆయన నవ్వి, “నా చెవి చెప్పింది మీ మిషను ఇవాళ ఒప్పుకుందన్నమాట! పోనీలే బాబూ, కూర్చోండి, ఇంకో వీణ కొలుద్దురు గాని” అన్నారు.