నవ్విస్తూ కథ చెప్పే పాట

హాస్టల్ వార్షికోత్సవానికి పాట రాయమంటే మేమంతా ఏడుపు పాటే రాస్తాం. అమ్మ కష్టం, నాన్న చెమట, చివర్లో జోహార్లు. అవి అబద్ధాలని కాదు. కానీ మూడో చరణానికల్లా వెనక వరుసలో ఆవులింతలు మొదలవుతాయి. అందుకే పి.జి.లో మేము విన్న ఒక అమెరికా పాటను మిత్రులకు పరిచయం చేస్తున్నాం.

అది ఆర్లో గత్రీ 1967లో రికార్డు చేసిన 'ఆలిసెస్ రెస్టారెంట్ మాసక్రీ'. ఇతను పేరున్న జానపద గాయకుడు ఉడీ గత్రీ కొడుకు. పాట 18 నిమిషాల పైనే. పల్లవి చిన్నది. మిగతాదంతా గిటారు వాయిస్తూ మామూలు మాటల్లో చెప్పే కథ. ఈ పద్ధతిని అక్కడ 'టాకింగ్ బ్లూస్' అంటారు. మన బుర్రకథలో కథ ఒకరు, హాస్యం ఒకరు, రాజకీయం ఒకరు చెప్తారు కదా, ఇక్కడ మూడు పనులూ ఒక్కడే చేస్తాడు.

కథకు మూలం నిజంగా జరిగిందే. 1965లో థాంక్స్‌గివింగ్ పండుగనాడు మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆర్లో, అతని స్నేహితుడు ఒకరింటి చెత్తను పారబోయడానికి వ్యానులో తీసుకెళ్తారు. పండుగని చెత్త వేసేచోటు మూసేశారు. వేరేచోట గుట్ట కిందికి తోసేస్తారు. అరెస్టు! పాటలో పోలీసులు ఆ చెత్తకు 27 రంగుల ఫోటోలు తీసి, బాణాలు గీసి కోర్టుకు తెస్తారు. తీరా చూస్తే జడ్జిగారు అంధుడు. నవ్వు ఆయన మీద కాదు, పోలీసుల ఆర్భాటం మీద. ఈ తేడా మాకు ఆలస్యంగా తెలిసింది. ఇంటర్లో నత్తి ఉన్న మిత్రుణ్ణి అనుకరించి స్కిట్లో చప్పట్లు కొట్టించుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

50 డాలర్ల జరిమానాతో కథ అయిపోయిందనుకుంటాం. అప్పుడు తీసుకెళ్తాడు న్యూయార్కు సైనిక భర్తీ ఆఫీసుకు. అది వియత్నాం యుద్ధకాలం. చెత్త కేసున్న ఈ కుర్రాడు మనుషుల్ని చంపేంత బుద్ధిమంతుడేనా అని ఆ ఆఫీసు సందేహం! అతను గొంతు పెంచడు, తిట్టడు. ఎఫ్.ఐ.ఆర్. చదివినట్టు లెక్కలు చెప్తాడంతే.

ఇలాంటి సరుకు మన దగ్గర లేదా? స్కాలర్‌షిప్పు ఫారానికి జతచేయాల్సిన ఆదాయం సర్టిఫికెట్టు కోసం, అంటే మాకు ఆదాయం లేదని రుజువు చేయడానికి, మా నాన్న మూడురోజుల కూలి పోగొట్టుకున్నాడు. మొదటిరోజు సంతకం పెట్టేవారు లేరు. రెండోరోజు వారున్నారు, ముద్ర బీరువాలో ఉంది. మూడోరోజు బీరువా తాళంచెవి సెలవులో ఉంది. వరసంతా మాకు గుర్తుంది, పల్లవే కుదరట్లేదు. డప్పు వచ్చినవాళ్ళు శనివారం రాత్రి భోజనాలయ్యాక మా గదికి రండి.