నిట్టనిలువుగా లేచు విమానము ధ్వనిని మించగలదా?

సెలవులలో విశాఖపట్నము వెళ్లిన మన విద్యార్థులు కొందరు అచ్చటి సముద్రతీరమున ప్రదర్శనకు నిలిపిన సీ హారియర్ యుద్ధవిమానమును చూచివచ్చి రెండు ప్రశ్నలు అడిగిరి. "పరుగు లేకయే నిట్టనిలువుగా లేవగల యింతటి బలశాలి ధ్వనికంటె వేగముగా పోజాలదందురే, ఏల?" అనునది మొదటిది. "ముక్కు క్రిందికి వంచి దిగినచో పోవునేమో! అప్పుడు విరిగిపోదా?" అనునది రెండవది. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము సరిగా తెలియని దినములలో వైమానికులు ప్రాణములు కోల్పోయిరి. కావున కొంత వివరముగానే చెప్పుకొనవలసియున్నది.

ఈ జాతి విమానములకు మూలపురుషుడు బ్రిటనులో హాకర్ సంస్థ నిర్మించిన పి. 1127. అది 1960 అక్టోబరులో త్రాళ్లతో కట్టబడియే మొదటిసారి నేలవిడిచి గాలిలో నిలిచెను. 1972లో జాన్ ఫార్లే అను వైమానికుడు మన విక్రాంత్ నౌకపై హారియర్‌ను దింపి చూపెను. 1983 డిసెంబరులో సీ హారియర్లు గోవా చేరినవి. విక్రాంత్, విరాట్ నౌకలపై పనిచేసి 2016లో విరమించినవి.

ధ్వని వేగము అన్నిచోట్ల ఒక్కటి కాదు. అది గాలి ఉష్ణోగ్రతను అనుసరించి మారును. సముద్రమట్టమున 15 డిగ్రీల వద్ద అది సెకనుకు 340 మీటర్లు. 11 కిలోమీటర్ల ఎత్తున, సున్నకు 56 డిగ్రీలు దిగువనుండు చలిలో, 295 మీటర్లు మాత్రమే. విమాన వేగమును ఆ చోటి ధ్వని వేగముచే భాగింపగా వచ్చునదే మాక్ సంఖ్య.

ఇక మొదటి ప్రశ్న. సీ హారియర్‌లోని పెగాసస్ ఇంజను సెకనుకు సుమారు 196 కిలోల గాలిని పీల్చి, నాలుగు నాజిళ్ల ద్వారా వెలికి చిమ్మి, సుమారు 95 కిలోన్యూటన్ల త్రోపుడు బలము నిచ్చును. భాగించి చూడుడు: చిమ్మబడు గాలి సగటు వేగము సెకనుకు 490 మీటర్లకు దగ్గర. విమానము నిశ్చలముగా నున్నప్పుడు ఈ వేగమంతయు లాభమే. విమానమే సెకనుకు 300 మీటర్లు పోవుచున్నప్పుడో? ఎదురువచ్చు గాలికి ఆ వేగము ముందే యున్నది. ఇంజను చేర్చగలిగినది మిగిలిన 190 మాత్రమే. ఇది ముతక లెక్క. ఎదురుగాలి ఒత్తిడి వలన కొంత కలిసివచ్చును, పైకి పోయినకొలది గాలి పలుచనై అంతకంటె ఎక్కువ పోవును. అధికమైన గాలిని మితమైన వేగముతో చిమ్ముట గాలిలో నిలుచుటకు శ్రేష్ఠము, పరుగునకు కాదు. పైగా అంత గాలిని పీల్చుటకు వెడల్పైన ద్వారములు కావలెను. అవియు, మందమైన రెక్కలును, ధ్వని వేగము సమీపించగనే గాలి నిరోధమును విపరీతముగా పెంచును.

దీనికి ఎదురు ఉదాహరణము మన బెంగళూరులోనే కలదు. కస్తూర్బా రోడ్డున విశ్వేశ్వరయ్య మ్యూజియము ఆవరణలోని మారుత్ విమానమును చూడనివారు మనలో అరుదు. జర్మను శాస్త్రజ్ఞుడు కుర్ట్ టాంక్ రూపకల్పన చేయగా, 1961 జూను 17న సురంజన్ దాస్ ఈ నగరపు ఆకాశమున దానిని తొలిసారి నడిపెను. ధ్వనికి రెండింతల వేగము నుద్దేశించి దాని రూపమును తీర్చిరి గాని తగిన ఇంజను లభింపలేదు. దానికి అమర్చిన రెండు ఆర్ఫియస్ ఇంజన్ల బలము కలిపి 43 కిలోన్యూటన్లు, అనగా హారియర్ బలములో సగమైనను లేదు. ఖాళీ బరువు రెండింటికిని 6 వేల కిలోల పైచిలుకే. అయినను సన్నని రెక్కల మారుత్ సమతల గమనమున ధ్వని వేగమును అంటీ అంటనట్లు తాకగలిగెను. హారియర్ తాకలేకపోయెను. ఒకదానికి రూపమున్నది, బలము లేదు. రెండవదానికి బలమున్నది, రూపము లేదు.

అయినచో వాలుగా దిగునప్పుడు ఏమగును? 8 టన్నుల విమానము 30 డిగ్రీల వాలున దిగునప్పుడు దాని బరువులో సగము, అనగా సుమారు 39 కిలోన్యూటన్లు, ముందుకు లాగు బలమగును. పలుచని గాలిలో ఇంజను ఇచ్చు బలమునకు ఇది తీసిపోదు. పి. 1127 ఈ విధముగనే 1961 డిసెంబరులో ధ్వనిని మించెను. సీ హారియర్‌కు ఎత్తున మాక్ 1.25 వరకు ప్రచురిత గణాంకములలో కనబడును. ఇది హారియర్ ఒక్కదాని విద్య కాదు. మన వైమానికదళపు మిస్టేర్, హంటర్ విమానములును, బెంగళూరున తయారైన న్యాట్‌లును సమతలమున ధ్వనిని మించలేకున్నను దిగుచు మించినట్టివే.

ఇక అపాయము. ధ్వని వేగము సమీపించినప్పుడు రెక్కపై ఘాత తరంగములు ఏర్పడి వెనుకకు జరుగును. వానితో బాటు ఎత్తుడు బలపు కేంద్రమును వెనుకకు పోగా, ముక్కు తనంతట తానే క్రిందికి వంగును. విమానము కంపించును. పాత విమానములలో తోకరెక్క వెనుక నుండు చిన్న పలక అప్పుడు నిష్ప్రయోజనమగుటచే పైలట్ ఎంత లాగినను ముక్కు లేచెడిది కాదు. 1946 సెప్టెంబరు 27న బ్రిటిషు వైమానికుడు జెఫ్రీ డి హావిలాండ్ ధ్వనికి సమీపమైన వేగమున పోవుచుండగా విమానము ముక్కలై, థేమ్స్ ముఖద్వారమున మరణించెను. తరువాతి విమానములకు తోకరెక్క మొత్తము కదలునట్లు, యంత్రబలముతో త్రిప్పునట్లు అమర్చిరి. హారియర్‌కును అట్టి తోకయే కలదు. నేడు ఇట్టి మార్పులను పైలట్ ప్రాణముతో గాక గాలి సొరంగములలో పరీక్షింతురు. మన నగరపు జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1967 నుండి అట్టి సొరంగము కలదు.

తోక సరియైనంత మాత్రమున చాలదు, ఎత్తు ముఖ్యము. గాలి తాకిడి సాంద్రతను, వేగవర్గమును అనుసరించును. 11 కిలోమీటర్ల ఎత్తున మాక్ 1 వద్ద అది చదరపు మీటరుకు 16 కిలోన్యూటన్లు, సముద్రమట్టమున 71. ఎత్తున సునాయాసమైనదే క్రింద నాలుగున్నర రెట్లు భారమగును. 30 డిగ్రీల వాలున సెకనుకు 300 మీటర్లు పోవు విమానము 20 సెకనులలో 3 కిలోమీటర్లు దిగును. గురుత్వమునకు మూడు రెట్లు త్వరణముతో ముక్కెత్తినచో మరి 400 మీటర్లు చాలును. నిట్టనిలువుగా దిగినచో, ముక్కెత్తుటకే 3 కిలోమీటర్లు కావలెను!

కాబట్టి, ఎత్తుగా, స్వల్పమైన వాలుతో, రెక్కల క్రింద బాంబులు, అదనపు ఇంధనపు తొట్లు లేకుండ, నిర్ణీత పరిమితికి లోబడి దిగినచో హారియర్ నిరపాయముగా ధ్వనిని మించగలదు. దానివలన లాభము స్వల్పమే యని నా అభిప్రాయము. ఎత్తంతయు ఖర్చుచేసి సంపాదించిన వేగము సమతలమునకు రాగానే కరిగిపోవును. 1982 ఫాక్లాండ్ యుద్ధమున బ్రిటిషు సీ హారియర్లు ధ్వనిని మించగల మిరాజ్ విమానములను సైతము కూల్చినవి. ఆకాశ పోరాటమున వానిలో ఒక్కటియు కూలలేదు.

విశాఖలో హారియర్‌ను చూచివచ్చినవారు ఈసారి కస్తూర్బా రోడ్డు వెళ్లినప్పుడు మారుత్ రెక్క ఎంత పలుచగా నున్నదో, గాలి పీల్చు ద్వారము ఎంత యిరుకో చూచి, మరుసటి తరగతికి బొమ్మ గీసి తేవలెను.