మంత్రి కాని ప్రొఫెసర్

మాధవీ,

సెమినార్‌కి స్కాట్లండ్ నాయకుల్లో ఎవరిని తీసుకోమంటారని అడిగావు. గోర్డన్ బ్రౌన్ అయితే సులువని నువ్వే అన్నావు. నిజమే, పాఠాలు చెప్పి ప్రధానమంత్రి దాకా వెళ్లినవాడు. కానీ నా మాట విని జాన్ పి. మాకింటోష్‌ని పట్టుకో. ఆయన ఒక్క రోజైనా మంత్రి కాలేదు. నీకు పనికొచ్చేది అక్కడే ఉంది.

1929లో సిమ్లాలో పుట్టాడు. మన దేశమని మురిసిపోయి దానికి ఓ పేజీ కేటాయించకు, ఆయన చదువు, ఉద్యోగం, రాజకీయం అన్నీ ప్రధానంగా స్కాట్లండ్‌లోనే. నడుమ రెండేళ్లు నైజీరియాలోని ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉండి, ఆ దేశపు ప్రభుత్వ వ్యవస్థ మీద తర్వాత పుస్తకం తెచ్చాడు. స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెబుతూ 1966లో బెర్విక్ అండ్ ఈస్ట్ లోథియన్ నుంచి లేబర్ పార్టీ ఎంపీ అయ్యాడు.

ఆయన పేరు నిలబెట్టింది మాత్రం 1962 నాటి 'ది బ్రిటిష్ కేబినెట్'. మంత్రులంతా కూర్చుని ఉమ్మడిగా నిర్ణయిస్తారన్నది పాఠ్యపుస్తకాల మాట. పార్టీ యంత్రాంగం, అధికారగణం, పదవుల పంపకం అన్నీ ప్రధాని గుప్పిట్లోకి వచ్చాక మంత్రివర్గం వెనక్కి తగ్గిందని మాకింటోష్ వాదించాడు. మన కేబినెట్‌కీ మూలం ఆ వెస్ట్‌మినిస్టర్ పద్ధతే కాబట్టి ఈ చర్చ నీకు కొత్తేం కాదు. చిత్రమేమిటంటే, ప్రధాని చేతిలో పదవుల పంపకం ఎంత పెద్ద బలమో రాసిన మనిషి నాలుగేళ్లు తిరక్కుండా లేబర్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ వెనక బెంచీల్లో చేరాడు. పంపకంలో ఆయనకేమీ రాలేదు.

రాకపోవడానికి కారణాలు ఆయన ఓట్లలో కనిపిస్తాయి. 1971 అక్టోబరులో యూరోపియన్ కమ్యూనిటీలో చేరే ప్రతిపాదనకు విప్‌ని ధిక్కరించి ఓటేసిన 69 మంది లేబర్ ఎంపీల్లో ఆయనొకడు. 1974 ఫిబ్రవరిలో ఓడిపోయి అక్టోబరులో మళ్లీ గెలిచాడు. 1976లో, మెజారిటీ వెంట్రుకవాసిలో ఉన్నప్పుడు, రేవు కార్మికుల బిల్లుపై మరో లేబర్ ఎంపీ బ్రయన్ వాల్డెన్‌తో కలిసి ఓటుకు దూరంగా ఉండటంతో ప్రభుత్వం ముఖ్యమైన నిబంధననే కోల్పోయింది. పార్టీలో ఎంత మండిపడి ఉంటారో ఊహించుకో! నన్నడిగితే ఆ విషయంలో ఆయన కాస్త మొండిగానే పోయాడు.

మొండితనం లాభించింది అధికార వికేంద్రీకరణ విషయంలో. 1968లోనే దానిమీద పుస్తకం రాశాడు. స్కాట్లండ్ వేరే దేశం కావాలని కాదు. ఒకే మనిషి స్కాట్ గానూ బ్రిటన్ పౌరుడిగానూ ఉండగలడనీ, ఆ రెండింటికీ చోటిచ్చే సంస్థలు కట్టుకోవడం మనిషి తెలివికి అసాధ్యం కాదనీ ఆయన వాదన. లేబర్ పార్టీలో చాలామందికి అప్పట్లో ఇది గిట్టలేదు. 1977లో ఎంపీగా ఉంటూనే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1978 జూలై 30న, 48 ఏళ్లకే పోయాడు. స్కాట్లండ్‌కి సొంత అసెంబ్లీ ఇచ్చే చట్టానికి రాజముద్ర పడింది ఆ మర్నాడు.

ఆ చట్టం కూడా నిలవలేదులే. 1979 రెఫరెండంలో 51.6 శాతం అవునన్నా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు దాన్ని ముంచింది. 1997లో మళ్లీ అడిగితే నూటికి 74 మంది సరేనన్నారు, 1999లో స్కాట్లండ్ పార్లమెంటు కొలువుదీరింది.

హోదాల పట్టికతో మొదలుపెట్టకు. 'ది బ్రిటిష్ కేబినెట్' 1962 కూర్పునీ 1977 నాటి మూడో కూర్పునీ పక్కపక్కన పెట్టుకుని చదువు. మొదటిది బయటి నుంచి చూసి రాసింది, మూడోది పదేళ్లు సభలో కూర్చున్నాక దిద్దింది. ఎక్కడెక్కడ మాట మార్చాడో గీత గీసి నాకు పంపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పెదనాన్న