తాటాకు చప్పుళ్ళు: బెదిరింపు ఈమెయిళ్ళను గుర్తించడం ఎలా?

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

విజ్ఞానం పెరిగేకొద్దీ దొంగకు కూడా కొత్త పనిముట్లు దొరుకుతున్నాయి. పూర్వం దొంగ అర్ధరాత్రి గోడకు కన్నం వేసేవాడు. నేటి దొంగ ఒక ఉత్తరం వ్రాస్తాడు, అంతే! మన ఇంటికి రాడు, మన కంప్యూటరును తాకనైనా తాకడు. మనమే భయపడి, మన చేతులతో మనమే డబ్బు పంపేటట్లు చేస్తాడు. ఈ మోసం ఎలా నడుస్తుందో తెలిస్తే భయం సగం పోతుంది. విద్యార్థి మిత్రులకు ఆ సంగతి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తరంలో ఏముంటుంది?

ఈ ఈమెయిళ్ళు చాలావరకు ఇంగ్లీషులో వస్తాయి. సారాంశం ఒక్కటే. "నీ కంప్యూటరులో చొరబడ్డాను. నీవు అశ్లీల చిత్రాలు చూస్తుండగా నీ కెమెరాతోనే నిన్ను వీడియో తీశాను. నీ బంధుమిత్రుల అడ్రసులన్నీ నా దగ్గర ఉన్నాయి. 48 గంటల్లో ఇంత సొమ్ము బిట్‌కాయిన్ రూపంలో పంపు. లేకపోతే వీడియో అందరికీ వెళుతుంది. పోలీసులకు చెప్పినా ప్రయోజనం లేదు."

2018 నుంచి ఇవి ప్రపంచమంతటా ముమ్మరంగా వస్తున్నాయి. మన దేశంలో కంప్యూటర్ల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2020 ఏప్రిల్‌లో వీటిని గురించి ప్రజలను హెచ్చరించింది. సొమ్ము బిట్‌కాయిన్‌లోనే ఎందుకు అడుగుతారు? అది పంపితే వెనక్కు తీసుకునే వీలు లేదు. అవతలివాడి పేరు, ఊరు తెలుసుకోవడం కష్టం.

ఒక్కొక్క మాటనూ పరీక్షిద్దాం

ప్రయోగశాలలో ఎవరో చెప్పారని ఏ ఫలితాన్నీ నమ్మం గదా. ఈ ఉత్తరాన్ని కూడా అలాగే చూడాలి.

1. "నీ పాస్‌వర్డు ఇదిగో!" చాలామంది ఇక్కడే కుప్పకూలుతారు. ఎందుకంటే అది నిజంగానే వారు ఒకప్పుడు వాడిన పాస్‌వర్డు. కాని అది వారి కంప్యూటరులోంచి వచ్చింది కాదు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి, 2013లో అడోబీ నుంచి కోట్లాది ఖాతాల వివరాలు దొంగలపాలయ్యాయి. లింక్డ్‌ఇన్ జాబితా 2016లో బాహాటంగా అమ్మకానికే వచ్చింది. ఇలాంటి పాత జాబితాలు కొనుక్కుని, అందులోని పాస్‌వర్డును ఉత్తరంలో అతికిస్తారు. పాస్‌వర్డు ఏళ్ళనాటిదై ఉండడమే దీనికి గుర్తు.

2. "చూడు, నీ అడ్రసు నుంచే నీకు వ్రాస్తున్నాను!" ఇదీ గారడీయే. పోస్టు కవరు మీద 'ఫ్రమ్' అన్నచోట ఎవరి పేరైనా వ్రాయవచ్చు, పోస్టుమాన్ అడగడు. ఈమెయిలు పంపే పద్ధతికి 1982లో నియమాలు ఏర్పరచినప్పుడు, పంపేవాడు ఎవరో నిర్ధారించుకునే ఏర్పాటు అందులో లేదు. తనిఖీలు తర్వాత వచ్చాయిగాని, అన్నిచోట్లా గట్టిగా అమలు కావడం లేదు.

3. "నీ వీడియో నా దగ్గర ఉంది." ఉంటే ఒక్క బొమ్మయినా చూపించడేం? మన గుంటూరు మిర్చి యార్డులో మచ్చు చూడకుండా ఎవరైనా ధర కడతారా? కాయ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంత ఉందో చూసి అప్పుడు ధర చెబుతారు. మచ్చు చూపనివాడి దగ్గర సరుకు లేదనే అర్థం.

4. "నిన్నే గమనిస్తున్నాను." చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ 2019లో ఒక ముఠా గుట్టు బయటపెట్టింది. వైరస్ సోకిన కంప్యూటర్ల ద్వారా ఆ ముఠా అప్పట్లో గంటకు 30,000 వరకు ఇటువంటి ఉత్తరాలు పంపేది. ఆ లెక్కన రోజుకు 7,20,000. ఇన్ని లక్షల మందిని కూర్చుని గమనించేవాడెవడు? అయినా 5 నెలల్లో లక్ష డాలర్లకు పైగా రాబట్టారు. లక్షమందిలో ఏ ఒక్కరో ఇద్దరో భయపడితే చాలు, వాడి పంట పండినట్లే.

5. "48 గంటలే గడువు." ఇది మనం ఎవరినీ సలహా అడగకుండా ఉండడానికి పెట్టిన గడువు. ఆలోచించనిస్తే మోసం నిలవదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు, ఉత్తరం చదివినవాడు తన గతాన్ని తడుముకుంటాడు. వాడికి కావలసింది అదే.

ఏమి చేయాలి?

జవాబు వ్రాయవద్దు. డబ్బు పంపవద్దు. ఉత్తరంతో వచ్చిన ఫైళ్ళు తెరవవద్దు. అసలు వైరస్ అందులో ఉండవచ్చు. ఆ పాత పాస్‌వర్డు ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చాలి. నిజమైన ప్రమాదం అదొక్కటే. ఒకే పాస్‌వర్డును నాలుగుచోట్ల వాడడం మానాలి. ఖాతాలకు రెండంచెల తనిఖీ పెట్టుకోవాలి.

ఒక ముఖ్య విషయం. అన్ని బెదిరింపులూ ఉత్త చప్పుళ్ళు కావు. ముక్కు మొహం తెలియనివారు వీడియో కాల్ చేసి రికార్డు చేయడం, లోన్ యాప్‌లవాళ్ళు ఫోటోలు మార్చి బంధువులకు పంపడం వేరు. అక్కడ బొమ్మ నిజంగానే ఉండవచ్చు. అప్పుడు కూడా డబ్బిస్తే బెదిరింపు ఆగదు; ఒకసారి ఇచ్చినవాడిని మళ్ళీ అడుగుతారు. మెసేజీలు, నంబర్లు చెరపకుండా దాచి, 1930కి ఫోను చేయాలి, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. బెదిరించి సొమ్ము గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ ప్రకారం నేరం. నేరస్థుడు వాడు, మనం కాదు.

అసలు ఆయుధం సిగ్గు

మన ప్రాంతానికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2022లో లోన్ యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. కారణాలు వేరు, కాలం వేరు. కాని పరువు పోతుందన్న భయంతో మనిషి నోరు మూసుకుని ఒంటరి అయిపోవడం ఒక్కటే. పల్లెనుంచి వచ్చి హాస్టల్లో ఉండే కుర్రవాడికి, ఆడపిల్లకు ఇలాంటి ఉత్తరం వస్తే ఇంట్లో చెప్పలేరు. కౌలు కట్టడానికి దాచిన డబ్బో, ఫీజు డబ్బో రాత్రికి రాత్రే పోతుంది. డబ్బు పోతే మళ్ళీ వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం జరిగితే?

కావున మిత్రులారా, మీకు ఉత్తరం వస్తే వెంటనే ఒకరికి చూపించండి. స్నేహితుడో, లెక్చరరుగారో, ఇంట్లో అక్కో ఎవరైనా సరే. మీ దగ్గరకు ఎవరైనా అలాంటి ఉత్తరం తెచ్చినప్పుడు, "ముందు చెప్పు, నువ్వేం చూశావురా?" అని నవ్వకండి. ఆ నవ్వుకు జడిసే చాలామంది నోరు విప్పరు. పక్కన కూర్చోబెట్టుకుని పైన చెప్పిన ఐదు పరీక్షలూ కలిసి చేయండి. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళే బెదరవంటారు. చదువుకున్న మనం బెదరవలసిన పని లేదు.